రేపటి తీర్పుల్లో ఏడోది

అత్యున్నత న్యాయస్థానం మర్నాడు చెప్పబోయే తీర్పుల జాబితాను సాయంత్రం ఐదింటికి బయటపెడుతుంది. మా వకీలు గుమాస్తా ఫోన్ చేసి, "అమ్మా, రేపటి తీర్పుల్లో మీది ఏడోది. ఇక పీడ విరగడైపోతుంది" అన్నాడు. వాడి సంబరానికి నాకు ఒళ్ళు మండింది. పీడ ఎవరికట?

కుట్టు మిషను మీద చెయ్యి ఆగిపోయింది. పందొమ్మిదేళ్ళ దావా ఇది. నాన్న ఈ రాజధానికొచ్చి పెట్టుకున్న కళ్ళజోళ్ళ కొట్టు నాదని నేను, తనదని తమ్ముడు. కింది కోర్టు, పైకోర్టు, చివరికి ఇది. దీని మీద ఇంకో కోర్టు లేదు. దావా మొదలైన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. వాడు నా కంటబడేది కోర్టు వరండాలోనే, ఏడాదికి మూడు నాలుగు సార్లు. కొట్టు ఏమైపోయినా నాకు దిగుల్లేదు. రేపటి తర్వాత వాడు కనబడడు, అదీ నా దిగులు. గదిలో ఒక్కదాన్నే కూర్చుని గట్టిగానే ఏడ్చాను.

నిజం చెప్పొద్దూ, వాయిదా పడిన ప్రతిసారీ నాకు లోలోపల హాయిగానే ఉండేది. పైకి మాత్రం "కావాలనే సాగదీస్తున్నాడు, వాడి మొహం మండ" అని తిట్టిపోసేదాన్ని. వాయిదాలన్నీ అడిగింది వాడి వకీలే మరి.

మర్నాడు పదింటికల్లా కోర్టుకు వెళ్ళాను. వాడు అవతలి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు పలచబడింది. చొక్కా కాలరు అరిగి పోగులు బయటపడ్డాయి. దర్జీదాన్ని కదా, నా చూపు ముందు అక్కడికే పోతుంది. మరదలు పోయి రెండేళ్ళయిందని గుమాస్తా చెబితే తెలిసింది. అప్పుడు పలకరించాలని వాడి గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తట్టలేక తిరిగొచ్చాను.

ఏడో నంబరు పిలిచారు. జడ్జిగారు నిమిషంలో చదివేశారు. కొట్టు నాదే. గుమాస్తా "గెలిచామమ్మా" అంటుంటే వినిపించుకోకుండా వరండాలోకి వచ్చేశాను.

వెనకాలే తమ్ముడు వచ్చాడు. స్తంభం పక్కన నిలబడి, గోడకేసి చూస్తూ అన్నాడు.

"తీర్పు మళ్ళీ చూడమని అడిగే రివ్యూ పిటిషన్ అని ఒకటుంటుందట. నెలలోపు వెయ్యాలి."

పందొమ్మిదేళ్ళలో నాతో వాడన్న మొదటి మాట అది.

"వేస్తే?"

"కొట్టేస్తారట. మా వకీలు వద్దనే అంటున్నాడు." నా వైపు తిరిగాడు. "అయినా రెండు మూడు వాయిదాలైనా పడతాయిగా, అక్కా."

ఇన్నాళ్ళూ ఆ వాయిదాలన్నీ ఎందుకు అడిగాడో అప్పటికిగానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. వాణ్ణి తిట్టిన నా నోరు పడిపోనూ. ఇంటికి రారా అందామంటే పంతం అడ్డొచ్చింది. మొండితనంలో ఇద్దరం నాన్న పోలికే.

"వెయ్యి," అన్నాను. "వాయిదాకి వచ్చేటప్పుడు ఆ చొక్కా పట్టుకురా. కాలరు తిరగేసి కుట్టిపెడతాను."

వాడు కాలరు తడుముకున్నాడు.

"ఇలాంటివే ఇంకో ఐదున్నాయక్కా. వాయిదాకొకటి తెస్తాను."