కట్ట కింద దారి

కొర్పియార్వి సరస్సుకు అడ్డంగా రోడ్డు కట్ట వేసిన నాటినుంచీ ఇర్మెలి ఇంటి ముందు నీళ్ళు కుళ్ళుతూనే ఉన్నాయి. ఒకప్పుడు వల నిండా మూయిక్కు చేపలు తళతళలాడుతూ పడేవి. ఇప్పుడు వల లాగితే పచ్చటి జిగురు, ముక్కు బద్దలయ్యే కంపు. ఎండాకాలంలో కిటికీ తెరవాలంటేనే ఆమెకు రోత.

కట్టను వెడల్పు చేస్తామని రోడ్డువాళ్ళు వచ్చారు. ఒడ్డున ఉన్న ఆమె సౌనా, వాళ్ళమ్మ నాటి ఆవిరిస్నానాల గది, అడ్డొచ్చింది. చచ్చినా ఇవ్వనంది ఇర్మెలి.

"కట్ట కింద దారి కూడా వదులుతున్నామమ్మా" అన్నాడు ఇంజనీరు రంతకారి.

అంతే, సంతకం పెట్టేసింది. ఎవరికి దారి అని అడగాలని తోచలేదు. సరస్సు మధ్యలో దారంటే నీళ్ళకి కాక ఇంకెవరికి? ఆ నీళ్ళు కదిలితే చేపలొస్తాయి. సౌనా పోతే పోయిందనుకుంది.

ప్రారంభోత్సవం నాడు చూసింది ఆ దారిని. నున్నటి సిమెంటు గొట్టం. నీటికి మూరెడు పైన, పొడిగా, నోరు తెరుచుకుని ఉంది.

"ఇందులోకి నీళ్ళెలా ఎక్కుతాయి నాయనా?" అని రంతకారిని అడిగింది.

"నీళ్ళా? ఇది నీటికుక్కలకమ్మా! రోడ్డు దాటబోయి లారీల కింద పడి చస్తున్నాయి కదా, పాపం."

పక్కింటి వెయ్‌క్కో పకపకా నవ్వాడు. "నీ సౌనా కూల్చి వాటికి గుమ్మం కట్టారే ఇర్మెలీ! తువ్వాళ్ళు కూడా పంపించు."

ఆమె మొహం తిప్పుకుంది. కంపుకు కాదు, కంపు ఆమెకు అలవాటే. ఆ కంపులోనే నిలబడి తియ్యరొట్టెలు నములుతూ ఒకరినొకరు మెచ్చుకుంటున్న ఆ మొహాలు చూసి.

రంతకారి కాఫీ తెచ్చాడు.

"వద్దు."

అతను నవ్వాడు. అక్కడ కాఫీ ఇస్తే ఎవరైనా ముందు వద్దనే అంటారు. అడగ్గానే పుచ్చుకుంటే ఆబ అనుకుంటారు.

"కొంచెం తీసుకోండమ్మా."

"వద్దని చెప్పానా?"

"అబ్బే, అరకప్పే" అంటూ బలవంతంగా చేతిలో పెట్టేశాడు. ఆమె అసహ్యాన్ని కూడా మొహమాటం కిందే జమకట్టాడు మహానుభావుడు.

ఇర్మెలి కప్పు పట్టుకుని గట్టు దిగింది. గొట్టం ముందు వంగి కాఫీ అంతా అందులో ఒంపింది. పైనున్నవాళ్ళు గట్టు అంచుకొచ్చారు.

"ఇదొక్కటైనా అవతలికి పారుతుందేమో చూద్దాం నాయనా" అంది.

అందరూ చూశారు. పారలేదు. అక్కడే నిలిచిపోయింది.