సంతృప్తి ప్యాకేజీ

మా ఆయన మునిచంద్ర తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక పెద్ద లాడ్జీలో రిసెప్షన్ చూస్తాడు. వచ్చిన యాత్రికులు ఏమడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు: "పది నిమిషాల్లో పంపుతాం." వేడినీళ్ళయినా అంతే, దుప్పటయినా అంతే. ఆ పది నిమిషాలు ఎప్పటికవుతాయో ఏడుకొండలవాడికే తెలియాలి. ఇంట్లో మాకూ అదే వరస. మా పాప మహితకు సముద్రం చూపిస్తానని మాటిచ్చి మూడేళ్ళయింది. సముద్రమేమన్నా కాశీలో ఉందా? గూడూరు దాటి కాస్త పోతే ఉంది! పోవడానికి సెలవేదీ?

ఉన్నట్టుండి, ఊరూరా లాడ్జీలున్న ఆ కంపెనీ హైదరాబాదు హెడ్డాఫీసుకు సిబ్బంది మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పల్లవి అనే మేడమ్ వీడియో కాల్ చేసింది. నేను పక్కనే కూర్చుని విన్నాను.

"మునిచంద్ర గారూ, ఉద్యోగంలో మీకు తృప్తినిచ్చేది ఏమిటి? జీతమా, గుర్తింపా, ఎదుగుదలా, పై అధికారి మంచితనమా?"

"సెలవు మేడమ్. రెండు దినాలు. పెండ్లాం బిడ్డతో యాడికన్నా పోయొస్తా."

"ఓ, ఫ్యామిలీ టైమ్!" అని ఆ తల్లి మురిసిపోయింది.

నెల తిరక్కుండానే మా ఆయనకు ఉత్తమ ఉద్యోగి బహుమతి వచ్చింది. రెండు రోజుల కుటుంబ విహారయాత్ర, ఖర్చంతా కంపెనీదే. ఎక్కడికనుకున్నారు? తిరుపతికి! బస కూడా మా ఆయన పనిచేసే లాడ్జీలోనే.

"అన్ని ఊళ్ళోళ్ళకీ ఇదే ప్రైజంట కోమలీ. కర్నూలోళ్ళు ఎగిరి గంతేసినారంట" అన్నాడు మొహం వేలాడేసుకుని.

"నువ్వు కర్నూలోడివా? ఇదేం చోద్యమయ్యా! వద్దని చెప్పు."

"వద్దంటే నాకు తృప్తి లేదని రాసుకుంటారు. పోనీలే, రెండు దినాలు నేను మీతోనే ఉంటా గదా."

ఆ చివరి మాటకు పడిపోయాను, నా బుద్ధి గడ్డి తిని. సొంత ఊళ్ళో పెట్టె సర్దుకుని, ఆటో ఎక్కి విహారయాత్రకు బయలుదేరాం. వీధిలో వాళ్ళు ఎక్కడికంటే చెప్పడానికి సిగ్గేసింది.

రెండు వందల నాలుగో గది. మహిత మంచం మీద ఎగురుతూ "నాయనా, సముద్రం యాడ?" అంది. ఆయన నోరు తెరిచేలోపే తలుపు కొట్టారు. చూస్తే మేనేజరు దేవరాజులు.

"మునిచంద్రా, ఎట్టాగూ ఈడనే ఉండావు గదప్పా! కింద బస్సు నిండా జనం దిగినారు. పది నిమిషాలు సూసుకో."

మా ఆయన కొత్త చొక్కాతోనే దిగిపోయాడు.

మధ్యాహ్నమైంది. సాయంత్రమూ అయింది. అడిగీ అడిగీ మహిత నిద్రపోయింది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. గదిలో ఫోనెత్తి తొమ్మిది నొక్కాను.

"నమస్కారం, రిసెప్షన్." సాక్షాత్తూ నా మొగుడే.

"రెండు వందల నాలుగు నుంచి మాట్లాడతాండా. మా గదిలో మొగుడు లేడు. పొద్దున ఉన్నాడు. వెంటనే పంపించండి."

అవతల ఎవరో వేడినీళ్ళు రావడం లేదని అరుస్తున్నారు. చివరికి మా ఆయన గొంతు తగ్గించి అన్నాడు:

"పది నిమిషాల్లో పంపుతాం మేడమ్."