పర్మిట్‌కు తండ్రి పేరు

కరీంనగర్ ఏజెన్సీలో మమతారాణి నా కాగితాలను మూడోసారి తిరగేస్తోంది. జర్మనీలో నర్సుగా పనిచేసే పర్మిట్‌కు ఏమేం కావాలో నాకు నోటికి వచ్చు: నర్సింగ్ డిగ్రీ, అనుభవం, భాష పరీక్ష, పోలీసుల ధ్రువపత్రం. అన్నీ ఉన్నాయి. పన్నెండు గంటల డ్యూటీలు చేస్తూ, బస్సులో కునికిపాట్లు పడుతూ రెండేళ్లు ఆ భాష నేర్చుకున్నాను. ఆమె మాత్రం నా జనన ధ్రువపత్రం మీద వేలు పెట్టి ఆగింది.

"స్వరూపా, పాస్‌పోర్టుల మీ బాపు పేరు బుచ్చిరాములు. ఈ కాయితంల లింగమూర్తి అని ఉన్నది. ఈయనెవరు?"

ఆయన కూడా మా బాపే అని చెప్పలేకపోయాను.

ముప్పై నాలుగేళ్ల కింద చెన్నూరులో బాపు స్నేహితుడు లింగమూర్తికి బొగ్గు గనిలో నౌకరీ వచ్చింది. మొదటిరోజు గని దిగి, ఆ చీకటి చూసి, పైకొచ్చి మళ్లీ పోనన్నాడు. మర్నాడు అతని పేరు మీద మా బాపు దిగాడు. అప్పట్లో అలా దిగింది ఆయన ఒక్కడే కాదు. అప్పటినుంచి గని కాలనీలో ఆయన లింగమూర్తి, చెన్నూరులో బుచ్చిరాములు. నాకు ఇద్దరు బాపులున్నారని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకుంటే నన్ను కన్న అవ్వ చేతిలోనే నా వీపు విమానం మోత మోగింది. గని ఆసుపత్రిలో పుట్టాను కాబట్టి లింగమూర్తి బిడ్డనయ్యాను. చెన్నూరులో అమ్మమ్మ దగ్గర బడిలో చేరాను కాబట్టి బుచ్చిరాములు బిడ్డనయ్యాను. ఇన్నేళ్లలో ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

గల్ఫ్ ఆసుపత్రులకైతే ఈ కాగితం అడగరు, అటు చూసుకోమంది మమతారాణి. అక్కడ ఒక్క యజమానికే కట్టుబడి ఉండాలి, నేర్చిన భాష గోదాట్లో కలుస్తుంది. ఒళ్లు మండింది. శుక్రవారం సాయంత్రంలోగా ఈ చిక్కు విప్పి పంపకపోతే జర్మనీకి పోయే ఈ జట్టులోంచి నా పేరు తీసేస్తామంది. అది బుధవారం.

మర్నాడు బాపు, అవ్వ, నేను ముగ్గురం మంచిర్యాలలో వకీలు సదానందం దగ్గరికి పోయాం. ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, రెండు పేర్లూ తనవేనని బాపు స్టాంపు కాగితం మీద ఒప్పుకుని పేపర్లో ప్రకటన వేయించాలి. దాన్ని కాలనీ అంతా చాయ్ తాగుతూ చదువుతుంది, గని ఆఫీసు కూడా చదువుతుంది. బాపు రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. నౌకరీ, పెన్షన్ రెండూ పోవచ్చు. రెండోది, బిడ్డ లింగమూర్తికే పుట్టిందని, అతనితో విడిపోయాక తాను బుచ్చిరాములును చేసుకున్నానని మా అవ్వ నాగవ్వ రాసివ్వాలి. అసలు లింగమూర్తి చెన్నూరులోనే ఉన్నాడు, బతిమాలితే సంతకం పెడతాడు. బాపు నౌకరీ జోలికి ఎవరూ రారు.

అవ్వ ఎక్కువసేపు ఆలోచించలేదు.

"రాయుండ్రి సారు. నా మొగడెవరో నాకెర్కే. కాయితానికి ఎర్క లేకుంటె ఏమాయె."

నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు అవ్వ పరువు నాకు గుర్తుకు రాలేదు, శుక్రవారమే గుర్తుంది. సదానందం కలం తీశాడు. అప్పటిదాకా గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతున్న బాపు లోపలికొచ్చి కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"నౌకరి కొరకు పేరిడిసిన. బిడ్డను ఇడువ," అన్నాడు. "రెండు పేర్లు నాయే అని రాయి సారు."

అవ్వ ఏడ్చింది. పద్నాలుగు నెలలు ఆగితే నీ సొమ్మేం పోతుందని నన్ను నిలదీసింది. అప్పటికి నా భాష పరీక్ష చెల్లకుండా పోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అవన్నీ చెప్పాను. ఆగుతాననే ఒక్క మాట మాత్రం నా నోట రాలేదు.

సదానందం టైపు చేసి ఇచ్చిన స్టాంపు కాగితం మీద బాపు చకచకా సంతకం పెట్టేశాడు. సదానందం దాన్ని చూసి నా వైపు జరిపాడు. 'లింగమూర్తి' అని ఉంది. ఇంకో కాగితం తెప్పించాం. ఈసారి బాపు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చెమట పట్టిన అరచేతిని ప్యాంటుకు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నా పేరు జర రాసి సూపియ్యి. సూసి రాస్త."

ఒక చిత్తు కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ముందు పెట్టాను. ఆయన ఒంగి, దాన్ని చూస్తూ ఒక్కో అక్షరమే దింపుతున్నాడు. బు. చ్చి. రా. ఇంకా రెండున్నాయి. ఆగు బాపూ అనడానికి నోరు తెరిచాను. ఆయన తలెత్తి, తర్వాతిది ఏదన్నట్టు నా వైపు చూశాడు.

నేను 'ము' మీద వేలు పెట్టి చూపించాను.