కర్టెనావిడ ఎనిమిది రోజులు

శనివారం వచ్చిందంటే చాలు, బుల్లికి పొద్దున్నుంచే మనసు మనసులో ఉండేది కాదు. ఆ రోజు కర్టెనావిడ వస్తుంది. చెప్పులు గుమ్మం బయట జతగా విడిచి, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, తిన్నగా వెళ్ళి బల్ల దగ్గర బావ పక్కన కూర్చుంటుంది. కూర్చుని రెండు గంటలపాటు పోర్చుగీసులో తేదీలు చెబుతుంది. బావ వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తాడు. మధ్యమధ్య ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ నవ్వు గోడ దాటి వంటింట్లోకి వచ్చి బుల్లి చెవిలో పడుతుంది.

బావ అంటే బుల్లి మొగుడే. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి పిలుపే పెళ్ళయ్యాకా మిగిలింది. అతను పనిచేసేది ఒక టైర్ల కొట్టు పైన, రెండు గదుల్లో. మొత్తం నలుగురు మనుషులు. వాళ్ళు చేసే వస్తువు ఒక్కటే. ఎవరైనా డాక్టరు దగ్గరికో, మెకానిక్ దగ్గరికో వెళ్ళాలనుకుని ఫోన్లో "వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగింటికి" అని మామూలు మాటల్లో రాస్తే, అది ఏ తేదీయో, ఎన్ని గంటలో ప్రోగ్రాం కనిపెట్టి వాళ్ళ పేరు మీద ఆ వేళ ఉంచాలి. ఒక భాష నేర్చిన ప్రోగ్రాంకి ఇంకో భాష రాదు, ప్రతిదీ మొదట్నుంచీ నేర్పాల్సిందే. ఇప్పుడు పోర్చుగీసు వంతు. ఆ భాష మాట్లాడే మనిషి ఎక్కడ దొరుకుతుందా అని వీళ్ళు వెతుకుతుంటే, టైర్ల కొట్టాయన ఎదురు వరస చూపించి, ఆ కర్టెన్లు కుట్టే ఆవిడ భాష అదే కదయ్యా అన్నాడట.

తెలుగు వంతు వచ్చినప్పుడు ఆ మనిషి బుల్లే.

అప్పుడు పాప ఇంకా కడుపులోనే ఉంది. బుల్లి వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తుంటే బావ గడప మీద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, నువ్వయితే ఎలా అంటావు బుల్లీ, అని ఒక్కోటీ అడిగేవాడు. ఎల్లుండి, ఆవలెల్లుండి, పొద్దుగూకాక, దీపాలు పెట్టే వేళకి. ఆమె నోటికొచ్చినట్టు చెబుతుంటే అతను పరీక్ష రాస్తున్నవాడిలా రాసుకునేవాడు. ఒకసారి ఆమె "నాలుగూ నాలుగున్నరకి" అంది. నాలుగా, నాలుగున్నరా, ఏదో ఒకటి చెప్పకపోతే ప్రోగ్రాంకి పిచ్చెక్కుతుందని అతను తల పట్టుకున్నాడు. "మనిషి వచ్చినప్పుడు, బావా," అంది బుల్లి. అతను వెనక్కి వాలి నవ్విన నవ్వుకి పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. ఇంటర్ సగంలో ఆగిపోయిన బుల్లి మాటను అంతకుముందు ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఆ నెల రోజులూ ఆమె కాళ్ళ వాపులు కూడా మరిచిపోయి తిరిగింది.

తర్వాత తెలుగు అయిపోయింది. పాప పుట్టింది. పోర్చుగీసు వచ్చింది.

కర్టెనావిడ అందగత్తె అయినా బాగుండేది, ఏడవడానికి ఒక సాకు ఉండేది. నలభై దాటిన మనిషి. వేళ్ళ చివర్లు సూది గుచ్చుకుని గరుకెక్కి ఉంటాయి. గట్టిగా తుమ్ముతుంది. బుల్లి ఫోన్లో అమ్మ దగ్గర నసిగితే, గుడ్డలు కుట్టుకు బతికే దాన్ని చూసి నీకెందుకే కడుపుమంట, పిల్లకి సరిగ్గా పాలు పట్టు ముందు, అని అమ్మ కసిరింది. మొగుడి గురించి కాదమ్మా అందామనుకుని, మరి దేని గురించి అంటే చెప్పలేక, బుల్లి ఫోను పెట్టేసింది.

అన్నం దగ్గరా అదే గోల. వాళ్ళకి మొన్న అనడానికి మనలాగే ఒకే మాట ఉందట, అంటాడు బావ. వాళ్ళకి రాత్రి ఒంటిగంట నుంచే తెల్లవారుజామట, ఎంత బాగుందో చూడు, అంటాడు.

"ఒంటిగంటకి పిల్లనెత్తుకుని తిరిగేవాళ్ళని అడుగు, ఏమంటారో," అంది బుల్లి ఒకరోజు, కంచంలో చారు పోస్తూ.

ఆ మాటకి అతను నవ్వాల్సింది. ఇదివరకైతే రాసుకునేవాడు కూడా. "ఆఁ" అని, చెయ్యి కడుక్కుని బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. బుల్లి పాప దగ్గరికి వెళ్ళి, ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. రోజుకి ఇరవైసార్లు చూస్తుంది. ఆడుతూనే ఉంటుంది. అయినా చూస్తుంది.

ఒక సోమవారం బావ స్నానానికి వెళ్ళాడు. లాప్‌టాప్ తెరిచే ఉంది. పాప పాలు తాగి బుల్లి ఒళ్ళోనే నిద్రపోయింది, కదిలితే లేస్తుందని ఆమె బల్ల దగ్గరే కూర్చుండిపోయింది. ఎదురుగా ఆ పట్టిక. ఎడమవైపు కర్టెనావిడ చెప్పిన మాట, మధ్యలో బావ తన గుర్తుకోసం తెలుగులో రాసుకున్న అర్థం, కుడివైపు రావలసిన తేదీ. పట్టికలో "ఇవాళ" అంటే ఎప్పుడూ ఒక బుధవారమే, మారదు. ఆ బుధవారం నుంచి లెక్కపెట్టి ప్రోగ్రాం చెప్పిన తేదీ, కుడివైపు తేదీతో కలిస్తే గీత పచ్చగా వెలుగుతుంది, కలవకపోతే ఎర్రగా. ఆ కుడివైపు తేదీని ఆఫీసులో ఎవరూ ప్రశ్నించరు. భాష వాళ్ళది, కోడ్ మనది అంటాడు బావ. ఎర్రగా వస్తే మార్చాల్సింది ప్రోగ్రాంనే గానీ భాష తెలిసిన మనిషి మాటను కాదు. ఇదంతా తెలుగు వంతప్పుడు అతనే ఆమెకి చెప్పాడు.

"ఎనిమిది రోజుల్లో" అన్న గీత దగ్గర బుల్లి చూపు ఆగింది. కుడివైపున వచ్చే బుధవారం తేదీ ఉంది.

పాప గుప్పెట విప్పి ఒక్కో వేలూ మడుస్తూ లెక్కపెట్టింది. గురువారం ఒకటి, శుక్రవారం రెండు. ఎనిమిదోది మళ్ళీ గురువారమే అయింది. ఇంకోసారి లెక్కపెట్టింది. గురువారమే. కిందికి చూస్తే "పదిహేను రోజుల్లో" అన్నదీ బుధవారం మీదే ఉంది. అది కూడా ఒక రోజు తక్కువ. పొద్దునకొకటి, సాయంత్రానికొకటి చొప్పున మొత్తం నాలుగు గీతలు, నాలుగూ తప్పే.

బుల్లికి గుండె గబగబా కొట్టుకుంది. అది సంతోషమని, మంచి సంతోషం కాదని ఆమెకి అప్పుడే తెలుసు. బావకి చెప్పవచ్చు. చెబితే ఏమవుతుంది? శనివారం ఆవిడని అడుగుతానంటాడు. అడిగితే ఆవిడ నవ్వుతుంది, అతనూ నవ్వుతాడు, మళ్ళీ ఆ నవ్వు వంటింట్లోకి వస్తుంది. అలా కాకుండా, తేదీ మార్చేస్తే ఆ నాలుగూ ఎర్రగా వెలుగుతాయి. బావ ఆగి చూస్తాడు. వేళ్ళమీద లెక్కపెడతాడు. ఎవరు పట్టుకున్నారిది, అంటాడు. అప్పుడు చెప్పవచ్చు, నేనే బావా, అని.

ఒంటిచేత్తో, పాప లేవకుండా, నాలుగు చోట్లా బుధవారం తీసి గురువారం పెట్టింది.

ఆ సాయంత్రమంతా ఆమె ఆ ప్రశ్న కోసం కాచుకుని కూర్చుంది. బావ చాలాసేపు జుట్టు పీక్కుని, చివరికి లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. ఆవిడవి నాలుగు లైన్లు ఉన్నట్టుండి ఎర్రబడి ఏడిపించాయి, శనివారం నేనే తప్పు ప్రోగ్రాం రాసుంటాను, ఒక రోజు కలిపి సర్దేశాను అన్నాడు. అంతే. ఎవరు, ఎందుకు అన్న ఊసే లేదు. అడగనిదానికి జవాబు చెబితే అది అతని యంత్రాన్ని ముట్టుకున్నానని ఒప్పుకోవడమే అవుతుంది.

పోనీలే, తప్పే కదా దిద్దాను, అనుకుంది బుల్లి.

పోర్చుగీసు పెట్టించుకున్న మొదటి చోటు ఒక పళ్ళ ఆసుపత్రి. రెండు వారాలయ్యేసరికి అక్కడ జనం ఒక రోజు ముందే రావడం మొదలైంది. బుధవారం ఒకే కుర్చీకి ఇద్దరు, గురువారం కుర్చీ ఖాళీ. కొందరు తమ మతిమరుపేనని తిట్టుకుని వెనక్కి పోయారు. ఆసుపత్రివాళ్ళు ఆఫీసు పెద్దాయన మీద కేకలేశారు. ఆయన బావని పిలిచి, ఆ కర్టెన్ల మనిషికి సొంత భాషే సరిగ్గా తెలిసినట్టు లేదు, ఇంకొకర్ని చూడు అన్నాడు. బావ ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతుంటే బుల్లి చేతిలో గరిట ఆగిపోయింది. మరి గురువారం కాదా, అని మటుకు అడగలేకపోయింది.

శనివారం ఆవిడ మామూలుగానే వచ్చింది. బావ కళ్ళు పైకెత్తకుండా సంగతి చెప్పి, పట్టికలో ఆ నాలుగు గీతలు చూపించాడు. బుల్లి పాపని చంకనేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఆవిడా బావా మాట్లాడుకునే ఆఫీసు భాష ఆమెకి సగమే వస్తుంది, కానీ ఆ రోజు ఒక్క మాటా జారిపోలేదు.

మా వాళ్ళు ఎనిమిది రోజులంటే వారమే, అంది ఆవిడ. బుధవారం చెబితే మళ్ళీ బుధవారం. ఇవాళ కూడా లెక్కలోదే. పదిహేనన్నా అంతే, సరిగ్గా రెండు వారాలు. మా అమ్మ కూడా అలాగే చెప్పి కర్టెన్లు ఇచ్చేది.

"మరి మీరు గురువారం అనే చెప్పారు. ఇదిగో," అన్నాడు బావ.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని తెర మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"చెప్పానేమో," అంది మెల్లగా. "ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు బాబూ. ఈమధ్య కొన్ని మాటలు అందడం లేదు నాకు. లెక్క కూడా పోయిందేమో."

బుల్లి కోరుకున్నది ఇదే. ఇంకాసేపటికి ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. నోరు మూసుకుని పాప వీపు నిమురుతూ నిలబడితే చాలు.

అప్పుడు ఆవిడ చెయ్యి కనిపించింది. బల్ల కింద, ఎవరూ చూడరనుకుని, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. బొటనవేలి దగ్గర ఇవాళ అని మొదలుపెట్టి, సగంలో ఆగి, వేళ్ళన్నీ విప్పేసి, ఈసారి బొటనవేలు వదిలి చూపుడువేలి నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. చిన్నప్పట్నుంచీ తెలిసిన లెక్కని తన వేళ్ళే కాదంటున్నట్టు వాటివైపు చూసుకుంది.

"ఆవిడ చెప్పలేదు బావా," అంది బుల్లి. "నేను మార్చాను."

బావ తల తిప్పి, అర్థం కానట్టు చూశాడు. "నువ్వా? ఎందుకూ?"

"ఎవరు పట్టుకున్నారని అడుగుతావని." బుల్లి ఆగలేదు. "నువ్వు నన్నేమీ అడగడం లేదు బావా. పాప పాలు తాగిందా అని తప్ప ఇంకేమీ అడగడం లేదు."

బావ ముఖం కందిపోయింది. పెద్దాయన ముందు తను ఎంత చేతగానివాడిలా నిలబడ్డాడో, ఈవిడని మాన్పించడానికి ఎలా ఒప్పుకున్నాడో, సోమవారం ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని మా ఆవిడ చేసిందని చెప్పుకోవాలో, గొంతు పెంచకుండానే ఒక్కొక్కటే అన్నాడు. కేకలేస్తే నయమనిపించింది బుల్లికి. ఏమిటి సంగతని ఆవిడ అడిగింది. బావ అంతా ఆఫీసు భాషలోకి తిప్పి చెప్పాడు. ఆఖరి మాట వదిలేస్తాడేమోనని బుల్లి ఆశపడింది గానీ, పాలు తాగిందా అన్నదాకా మొత్తం చెప్పేశాడు.

ఆవిడ నవ్వలేదు. పోనీలే అనీ అనలేదు. కళ్ళద్దాలు తీసి బుల్లినే చూసింది.

"నా మాట నాకే అబద్ధమనిపించింది, ఇందాక," అంది. పక్కనున్న కుర్చీ లాగింది. "కూర్చో అమ్మాయ్. ఏవేవి మార్చావో చెప్పు."

ఆవిడ చెడ్డదైతే ఎంత బాగుండేది అనుకుంటూ బుల్లి వెళ్ళి కూర్చుంది. ఇన్నాళ్ళుగా కోరుకున్న చోటే అది. ఇలా దొరికింది. ఒక్కో గీతా చెబుతుంటే బావ ఆమెవైపు చూడకుండా, మీటలు విరిగిపోతాయేమో అన్నట్టు కొడుతూ బుధవారాలు వెనక్కి పెట్టాడు. మూడో గీత దగ్గర, తెరతోనే మాట్లాడుతున్నట్టు, నిన్ను ఏదడిగినా ఉలిక్కిపడుతున్నావు బుల్లీ, పాప పుట్టినప్పట్నుంచీ అంతే, అందుకే అడగడం మానేశాను అన్నాడు.

నాలుగోది అయ్యాక ఆవిడ పోర్చుగీసులో ఒక మాట అని, ఆఫీసు భాషలో దాని సంగతి చెప్పింది. బావ ఆ మాటను తిరిగి పలకబోయి తడబడ్డాడు. ఆవిడ పెదవి కొంచెం విచ్చుకుంది, అతనిదీ. బుల్లి గుండెల్లో ఆ పాత మంట మళ్ళీ భగ్గుమంది. అది ఎక్కడికీ పోలేదు. లేచి వంటింట్లోకి పోదామనిపించి, పాపని ఇంకో చంకకి మార్చుకుని, అక్కడే కూర్చుంది.

"ఏమన్నారు?" అంది.

బావ ముఖం ఇంకా సడలలేదు. "కుట్టడం ఇష్టం లేని కర్టెన్లకి ఈవిడ ఎనిమిది రోజులని చెప్పదట. చూద్దాం అంటుందట. దానికి ఏ తేదీ పెడతావని అడుగుతోంది."

"ఏదీ పెట్టకు. ఖాళీగా వదిలెయ్," అంది బుల్లి. "ఆశ పెట్టుకోకుండా ఉంటారు."

కర్టెనావిడ బావ మోచెయ్యి తట్టింది, బుల్లి ఏమందో చెప్పమని.