దానంతటదే

మా ఆయన చొక్కాకి ఒక చెయ్యి ఇస్త్రీ చేసి రెండోది తిప్పేలోపే ఆ మాట అననే అన్నారు. "నీ ఉద్యోగానికేం, హాయి. కంప్యూటర్లన్నీ వాటంతటవే నడుస్తాయిగా. ఇంకో వారం సెలవు పెట్టి అమ్మని చూసుకుంటే కొంపలేం మునిగిపోవు."

మా విశ్వవిద్యాలయంలో నాలుగొందల కంప్యూటర్లున్నాయి. ఏది ఎలా ఉండాలో నేను కోడ్‌లో రాసి పెడతాను. అరగంటకోసారి అవి దాన్ని చదువుకుని తమను తాము సరిచేసుకుంటాయి. ఎవరికీ ఇబ్బంది రాదు కాబట్టి నేను ఎవరి కంటికీ ఆనను. ఇంట్లోనూ అంతే. స్నానాలగదిలో సబ్బు, అత్తగారి కంట్లో చుక్కలమందు, పాప బడిసంచీ, అన్నీ వేళకి అమరిపోతాయి. "మా ఇంట్లో ఏ గొడవా ఉండదు, అంతా దానంతటదే జరిగిపోతుంది" అని ఆయన చుట్టాలతో గొప్పగా చెప్పుకుంటారు. పదకొండేళ్ళుగా రెండుచోట్లా ఆ 'దానంతటదే' నేనే.

అయితే కోడ్‌లో ఒక సుఖముంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో ప్రతి పంక్తి పక్కనా నిలిచిపోతుంది. మూడు నెలల పాపని ఒళ్ళో వేసుకుని ఒంటిచేత్తో రాసిన పంక్తి కూడా తేదీతో సహా ఉంది. ఇంటిపనికి ఆ భాగ్యం లేదు. పోయిన వారం నేను అత్తగారి కంటి ఆపరేషన్‌కని సెలవులో ఉంటే, మా డైరెక్టర్‌గారు ఆ కోడ్‌ని కొత్త సర్వర్‌కి మార్చారు. ఎవరేం రాశారన్న పాత చరిత్రంతా వదిలేసి చివరి కాపీ ఒక్కటే తెచ్చారు. దాంతో ప్రతి పంక్తి పక్కనా ఆయన పేరే. నిన్న సాయంత్రం అది చూసి ఒళ్ళు మండి ఫోన్ చేశాను. "పాత చెత్త మనకెందుకమ్మా? పని జరుగుతోందిగా" అన్నారు. ఇవాళ ఆ కోడ్‌ని వైస్ ఛాన్సలర్‌గారికి చూపిస్తారు. దాన్ని బట్టే కొత్త విభాగానికి హెడ్‌ని ఎంపిక చేస్తారు.

ఇస్త్రీపెట్టె ఆపేసి చెప్పులు వేసుకున్నాను.

డైరెక్టర్‌గారు మరిచిపోయింది ఒకటుంది. నా కంప్యూటర్‌లో ఉన్న కాపీలో పదకొండేళ్ళ చరిత్రా చెక్కుచెదరకుండా ఉంది. కొత్త సర్వర్ పాస్‌వర్డులూ నా దగ్గరే ఉన్నాయి. మీటింగ్‌కి గంట ముందు ఆ చరిత్ర మొత్తం తిరిగి ఎక్కించాను. ఆయన నిజంగా రాసినవి మూడు పంక్తులు. వాటిని ఆయన పేరు మీదే ఉంచాను.

"ఎన్నో ఏళ్ళ కష్టమండీ ఇది" అంటూ డైరెక్టర్‌గారు తెర మీద కోడ్ తెరిచారు. ఆ మూడు పంక్తులు తప్ప పైనుంచి కిందిదాకా నా పేరే. వైస్ ఛాన్సలర్‌గారు కళ్ళజోడు సవరించుకుని, "ఎవరండీ ఈవిడ?" అన్నారు.

డైరెక్టర్‌గారు నా వైపు వంగి గొంతు తగ్గించారు. "ఈ పేర్లు ఎందుకు పెట్టావమ్మా?"

నేను లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను. "నేను పెట్టినవి కావు సార్. ఎవరు రాస్తే వాళ్ళ పేరు దానంతటదే వస్తుంది."

ఇంట్లో బల్ల మీద ఒక చెయ్యి మాత్రమే ఇస్త్రీ అయిన చొక్కా ఉంది. రెండోది దానంతటదే ఎలా అవుతుందో సాయంత్రం వెళ్ళి చూస్తాను.