పెరట్లో పావు డాలరు

అయినా ఈ ఎండలో చెవులకి మూకుళ్లంత మూతలు తగిలించుకుని ఎలా ఓర్చుకుంటోందో ఈ అమ్మాయి, అమ్మాయేమిటి నా మొహం, యాభై దాటే ఉంటాయి, నా వయసుకి అందరూ అమ్మాయిల్లాగే కనిపిస్తారు, పేరు డార్లా అంది, బడి బస్సు నడుపుతుందట, వేసవి సెలవుల్లో ఇదీ పని, కర్ర చివర పళ్లెం కట్టినట్టున్న, మట్టిలో లోహం ఉంటే చెవిలో మోగే మెషిన్‌ని గడ్డి మీద అటూ ఇటూ ఊపుకుంటూ ఊళ్లో పాత ఇళ్ల పెరళ్లన్నీ తిరగడం, పొద్దున తలుపు కొట్టి, ఆల్మాగారూ, మీ ఇల్లు పాతది కదండీ, పాత నాణేలేమైనా ఉన్నాయేమో వెతుక్కుంటాను, గడ్డి పలకలా కోసి మళ్లీ పలకలాగే కప్పేస్తాను, మీకు చూపించకుండా ఏదీ జేబులో వేసుకోను అంటే, తవ్వుకో తల్లీ, ఈ మిన్నెసోటా మట్టిలో నాకైతే బంగాళాదుంపలు తప్ప ఏమీ దొరకలేదు, బంగారం దొరికితే మాత్రం కేకెయ్యి అన్నాను, పక్కింటి హార్లన్ కంచె మీంచి మెడ చాచి, ఏంటి ఆల్మా, మీ ఆయన్ని వెతికిస్తున్నావా అని అరిచాడు, నోట్లో పళ్లు లేకపోయినా మాటకి మాత్రం కోరలున్నాయి, మా ఆయన చర్చి వెనకాల హాయిగా పడుకున్నాడులే, నీ వాగుడు వినపడకుండా అన్నాను, డార్లా పగలబడి నవ్వింది, ఎంతసేపటికీ లోపలికి రాదు, కాఫీ చల్లారిపోతోంది, రూబార్బ్ కేకు మీద ఈగ.

ఇందాక మెట్ల పక్కన దొరికినవి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లింది, గోధుమ కంకుల బొమ్మ ఉన్న పాత సెంటు, తుప్పు పట్టిన సీసా మూతలు, ఒక బొమ్మ కారు, చక్రాలు లేవు, ఎర్ర రంగు గోరంత మిగిలింది, ఈ కారు పారేయనాండీ అంటే, వద్దు అన్నాను, ఎందుకంత గట్టిగా వచ్చిందో గొంతు, అది రోలీది, నా కొడుకుది, అది పోయిన రోజు వాడు సూప్ ముట్టలేదు, అప్పుడు మా ఆయన ఆర్విడ్ వాణ్ణి భుజం మీద వేసుకుని, ఏడవకురా, భూమిలో పడ్డది ఎక్కడికీ పోదు, మన పెరట్లో సముద్రపు దొంగలు దాచిన డబ్బు కూడా ఉంది తెలుసా అన్నాడు, ఆ నోటి మాట ఆటైపోయింది, శనివారం సాయంత్రం పిల్లాడు స్నానాల తొట్లో ఉండగా ఆయన తన పొగాకు డబ్బీ ఖాళీ అయినది ఒకటి తీసి, అందులో పావు డాలరు పెట్టి, ఆపిల్ చెట్టు చుట్టూ ఎక్కడో ఒకచోట పాతిపెట్టేవాడు, ఆదివారం చర్చి నుంచి రాగానే రోలీ బూట్లు కూడా విప్పకుండా నా సూప్ గరిటె పట్టుకుని పరుగు, నాన్నా వేడిగా ఉన్నానా చల్లగా ఉన్నానా, డబ్బీకి దగ్గరైతే వేడి, దూరమైతే చల్లన, చల్లగా ఉన్నావురా, ఇప్పుడో, కాలిపోతున్నావురా, కాలిపోతున్నావు, ఆర్విడ్ పళ్లు కనిపించేలా నవ్వడం చూడాలంటే ఆ ఆదివారం మధ్యాహ్నాలే చూడాలి.

అరవై ఎనిమిదిలో మంచు పడకముందే రోలీ పోయాడు, రక్తంలో జబ్బు అన్నారు, ఎనిమిదేళ్లు, ఇంకా పాలపళ్లు పూర్తిగా ఊడలేదు, పాతిపెట్టిన మర్నాడే ఆర్విడ్ ధాన్యం గోదాముకి పనికి వెళ్లిపోయాడు, బొమ్మలన్నీ పెట్టెలో సర్ది అటక మీదికి ఎక్కించాడు, ఆ తర్వాత చచ్చేదాకా ఆ పేరు ఆయన నోట రాలేదు, నేను రోలీ అంటే చాలు, చలికాలం ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఎలా మండుతోందో చూసొస్తానని నేలమాళిగలోకి దిగిపోయేవాడు, నడివేసవి జూలైలో కూడా, జూలైలో ఫర్నేస్ ఏమిటండీ అని నేను అడగలేదు, అడిగితే ఏం చెప్తాడు, మగవాళ్లకి మరుపు తొందరగా వస్తుందని మా అమ్మ అనేది, నేనూ అదే అనుకున్నాను, అనుకోకపోతే ఆయన పక్కన పడుకోవడం కుదరదు కదా, అరె, ఆపిల్ చెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది, ఏదో చేతిలోకి తీసుకుంది, ఇటే వస్తోంది, చేతిలో ఉన్నది, పొగాకు డబ్బీ.

వాడికి దొరక్కుండా పోయిందన్నమాట ఒకటి, అన్నాను, మా అబ్బాయి ఆట అది, వాళ్ల నాన్న దాచేవాడు, నేను నవ్వుతున్నాను, చెంపలు తడిగా ఉన్నాయి, డార్లా మూత మెల్లగా ఊడదీసి నాణెం చొక్కా అంచుతో తుడిచింది, ఎప్పుడండీ ఆ ఆట అంది, అరవై ఎనిమిది దాకా, అంతే, అన్నాను, ఆమె నాణెం నా అరచేతిలో పెట్టింది, డోలు వాయిస్తున్న మనిషి బొమ్మ, ఈ బొమ్మ నాకు తెలుసు, దేశానికి రెండు వందల ఏళ్లు నిండాయని ఊరంతా జెండాలు కట్టిన ఏడు వేసిన నాణెం, డెబ్బై ఆరుదండీ అంది డార్లా మెల్లగా, కాదు, అప్పటికి వాడు లేడు, నీ లెక్క తప్పు అన్నాను, లేదండీ, అక్కడ ఇంకా మోగుతోంది, తవ్వమంటారా, తవ్వమన్నాను, ఇంకో డబ్బీ, డెబ్బై ఒకటి, ఇంకోటి, ఎనభై మూడు, అన్నీ చెట్టు చుట్టూ, జానెడు లోతులో, గరిటెకి అందేంత లోతులో.

మే నెల, వాడి పుట్టినరోజు, ప్రతి ఏడూ ఆ రోజు నేను పడకగదిలో తలుపేసుకునేదాన్ని, ఆర్విడ్ చిన్న పార పట్టుకుని, చెట్టు మొదట్లో మట్టి గట్టిపడింది ఆల్మా, కాస్త గుల్ల చేసొస్తాను అని బయటికి పోయేవాడు, కిటికీలోంచి ఆయన ఈల వినపడేది, ఎలా ఈల వేయగలుగుతున్నాడీ మనిషి ఈ రోజున అని నేను దిండు కొరుక్కునేదాన్ని, ఒక్కసారి లేచి తెర తీసి చూసి ఉంటే, తీయలేదు, ఆయనా తలుపు తట్టలేదు, అమ్మా నీళ్లు తెమ్మంటారా అంటోంది డార్లా, వద్దమ్మా, ఇలా కూర్చో, మా అబ్బాయి పేరు రోలీ అన్నాను, వాళ్ల నాన్న పేరు ఆర్విడ్, పేర్లు రెండూ ఒక్క ఊపిరిలో అనడం ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి, ఎంత తేలిగ్గా వచ్చాయో, వాడు లేని పుట్టినరోజులన్నీ నేనొక్కదాన్నే గడిపాననుకున్నాను, ఆయన కూడా గడిపాడు, ఒక్క ఏడైనా మానకుండా, గోడకి అవతల, చేతులు మట్టిలో పెట్టి.