అమర్‌సింగ్ కొట్టిన రెండు పాయింట్లు

జనగామ డిగ్రీ కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పుట్టింది ఆట మీద ప్రేమతో కాదు, సర్టిఫికెట్ మీద ప్రేమతో. ఆ సంగతి దాచాలని ఎవరూ అనుకోలేదు. డ్రిల్లు సార్ యాకయ్య మొదటి రోజే తేల్చేశాడు.

"కబడ్డీకి నూరు మంది లైన్ల ఉన్నరురా. గీ ఆటకు మూడు జిల్లాలల్ల మూడే టీములు. ఫస్టొస్తె స్టేట్‌కు పోతం, సర్టిఫికెట్ జేబుల వడ్తది."

నెల్లికుదురు దగ్గరి తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమర్‌సింగ్‌కు ఆ మాట గుచ్చుకుంది. కబడ్డీలో కూతకు వెళ్తే ఇద్దరిని ముట్టకుండా తిరిగొచ్చిన పాపాన పోలేదు వాడు. అయినా మూడేళ్లుగా యాకయ్య సార్ జాబితాలో వాడి పేరు ఎక్కలేదు. ఎవరి బామ్మర్దో, ఎవరి మేనల్లుడో ముందే ఎక్కి కూర్చునేవాడు. ఇదే ఆఖరి ఏడాది. స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి స్టేట్ ఆడిన కాగితం ఒక్కటి కావాలి. తెస్తానని తల్లి రుక్కికి మాటిచ్చి ఉన్నాడు. సరే సార్ అన్నాడు.

హెల్మెట్లు బైకులవి. భుజాలకు పాత బస్సు సీట్ల స్పాంజి. రూల్స్ యాకయ్య సార్ ఫోన్లో చూసి చెప్పేవాడు. సగంలో చార్జింగ్ అయిపోయేది. అందరికీ అర్థమైంది ఒకటే: బంతి పట్టుకుని అవతలి గీత దాకా పోవాలి.

మహబూబాబాద్‌తో ఆడితే సున్నా సున్నా. మహబూబాబాద్, భూపాలపల్లి ఆడినా సున్నా సున్నా. మూడు జట్లలోనూ ఉన్నది కబడ్డీలో చోటు దొరకనివాళ్లే మరి. బంతి ఎవడి చేతికొచ్చినా మూడడుగులు వేసేలోపు ఇద్దరు కాళ్లు పట్టి కూలేసేవారు.

భూపాలపల్లిలో ఆఖరి మ్యాచ్. గెలిచినవాళ్లు స్టేట్‌కు. ఇంకా రెండు నిమిషాలున్నాయనగా బంతి అమర్‌సింగ్ చేతిలో పడింది. ఒకణ్ణి వంగి, ఒకణ్ణి ఎగిరి తప్పించుకున్నాడు. పదకొండు మందినీ దాటేశాడు. బంతి చంకలో పెట్టుకుని, కుడికాలు చాచి, బొటనవేలితో గీత ముట్టాడు. ఇంకొక్క అడుగు వేస్తే జనగామ గెలిచేది.

కానీ వాడి కాళ్లకు తెలిసిన ఆటలో గీత ముట్టినవాడు ఇల్లు చేరితేనే పాయింటు. గిర్రున వెనక్కి తిరిగాడు. హెల్మెట్ లోపల కబడ్డీ కబడ్డీ అని కూత పెడుతూ ఉరికాడు. భూపాలపల్లివాళ్లు వాణ్ణి పోనివ్వకూడదని ప్రాణాలకు తెగించి వెంటపడ్డారు. "ఆగకురా, ఇంటికి రా!" అని జనగామ జట్టంతా అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది యాకయ్య సారే. అమర్‌సింగ్ మైదానమంతా దాటి, తమ గీత వెనక మోకాళ్ల మీద కూలి, మట్టి తీసి నుదుటికి అద్దుకున్నాడు.

విజిల్ మోగింది. రిఫరీ ప్రేమ్‌చంద్ మహబూబాబాద్ డ్రిల్లు సారు. రూల్స్ కాగితాలు పూర్తిగా చదివింది ఆయనొక్కడే.

"బంతి దాటాలె, కాలు గాదు. బంతితోని సొంత గీత ఎనక మోకాలు వెట్టిండు. భూపాలపల్లికి రెండు పాయింట్లు."

అట్లా సీజన్ ముగిసింది. ఉత్తమ స్కోరర్‌కు ఇచ్చే కాగితం ఒకటి మిగిలింది. సీజన్ మొత్తంలో పడినవి ఆ రెండే పాయింట్లు, అవి పడింది అమర్‌సింగ్ వల్లే. ఏ జట్టు కోసం అన్న గడి ఫారంలో లేదు. కాగితం వాడికే ఇచ్చి చప్పట్లు కొట్టారు. "గిది నౌకరికి నడవదురా, గోడకు నడుస్తది" అన్నాడు యాకయ్య సార్.

తిరుగు బస్సులో అమర్‌సింగ్ ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. అమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. యాకయ్య సార్ వచ్చి పక్కన కూర్చుని భుజం తట్టాడు.

"ఏడ్వకురా. పోంగ పదకొండు మందిని, రాంగ పదకొండు మందిని దాటినవ్. నా సర్వీసుల గసొంటి ఉరుకుడు చూడలే."

ఆ మాట కోసం వాడు మూడేళ్లు ఎదురుచూశాడు. కళ్లు తుడుచుకుని సారు ముఖంలోకి చూశాడు. సారు నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు.

"గింత ఆట వెట్టుకొని, కబడ్డీల ఎందుకు చేరలేదురా నువ్వు?"